డ్రైవర్ అప్‌డేట్ తర్వాత స్క్రీన్ ఆరిపోయింది: ఎనిమిది రోజుల నా అనుభవం

మార్చి 12, బుధవారం. రాత్రి పదిన్నర దాటింది. పని ముగించి ల్యాప్‌టాప్ మూయబోతుంటే కింద మూలన ఎప్పటి మెసేజే ఉంది: అప్‌డేట్లు పూర్తవ్వాలంటే రీస్టార్ట్ చేయాలట. మూడు రోజులుగా "తర్వాత" అని నొక్కుతూ వస్తున్నాను. ఇవాళ్టితో ఈ గోల వదులుతుందనుకుని రీస్టార్ట్ నొక్కి, ముఖం కడుక్కోవడానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి స్క్రీన్ నల్లగా ఉంది.

అప్‌డేట్లకు ఒక్కోసారి చాలాసేపు పడుతుంది కదా అని పావుగంట ఊరుకున్నాను. ఫ్యాన్ తిరుగుతోంది, పవర్ బటన్ దగ్గర లైటు వెలుగుతోంది. అరగంటైంది. నలభై నిమిషాలకు ఓపిక నశించి పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేశాను. మళ్లీ ఆన్ చేస్తే కంపెనీ లోగో వచ్చింది, దాని కింద చుక్కలు గుండ్రంగా తిరిగాయి, హమ్మయ్య అనుకునేలోపే మళ్లీ చీకటి. అలా ఐదుసార్లు చేసి ఉంటాను. ఐదుసార్లూ అదే తంతు. నాకు కావాల్సిన జవాబు ఆ లోగోలోనే ఉందని ఆ రాత్రి తట్టలేదు.

నేను ఇంట్లో కూర్చుని అనువాదాలు చేస్తాను. శుక్రవారం సాయంత్రానికి ఇవ్వాల్సిన ఫైలు ముప్పావు వంతు పూర్తయి ఆ ల్యాప్‌టాప్‌లోనే ఉంది. చివరిసారి బ్యాకప్ ఎప్పుడు తీశానా అని ఆలోచిస్తే జనవరి అని గుర్తొచ్చింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పట్టినా, కలలో కూడా చుక్కలు తిరుగుతూనే ఉన్నాయి.

గురువారం పొద్దున్నే ల్యాప్‌టాప్ కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను. వారంటీ అయిపోయి ఐదు నెలలైంది. ముప్పై అయిదు నిమిషాలు సంగీతం విన్నాక ఒకాయన లైన్లోకి వచ్చారు. "స్క్రీన్ నల్లగా ఉంది" అన్నాను. "ప్యానెల్ పోయినట్టుందండీ, మార్చాలి" అన్నారు. అంతే. ఎప్పటి నుంచి, ఏం చేశాక, ఆన్ చేసినప్పుడు ఏమైనా కనిపిస్తోందా అని ఒక్క ప్రశ్న అడగలేదు. వారం నుంచి పది రోజులు పడుతుందట, డేటాకు వాళ్ల పూచీ లేదట. ఖర్చు ఎంతవుతుందంటే, కొత్త ల్యాప్‌టాప్ ధరలో దాదాపు మూడో వంతు చెప్పారు. నేను అప్పటికే సగం ఒప్పేసుకున్నాను. "సాయంత్రం చెబుతాను" అని పెట్టేయడం నా తెలివి కాదు, ఫోన్లో ఛార్జింగ్ లేకపోవడం.

సాయంత్రం తమ్ముడు వేరే పని మీద ఫోన్ చేశాడు. వాడికి కంప్యూటర్లే ఉద్యోగం. సంగతి చెప్పగానే వాడు అడిగిన మొదటి ప్రశ్న ఇది.

"అక్కా, ఆన్ చేయగానే లోగో కనిపిస్తోందా?"

"కనిపిస్తోంది."

"గీతలు గీతలుగా ఉందా, మామూలుగా ఉందా?"

"మామూలుగానే ఉందిరా."

"మరి ప్యానెల్ పోవడమేంటి? పోయిన ప్యానెల్ లోగో ఎలా చూపిస్తుంది?"

ఇంత చిన్న విషయం నాకెందుకు తట్టలేదో! లోగో వచ్చే సమయానికి గ్రాఫిక్స్ డ్రైవర్, అంటే స్క్రీన్‌కు బొమ్మ పంపే చిప్‌ను నడిపించే ప్రోగ్రాం, ఇంకా లోడే అవ్వదు. మెషీన్ సొంతంగా, మామూలు పద్ధతిలో బొమ్మ చూపిస్తుంది. విండోస్ మొదలై, అసలు డ్రైవర్ పగ్గాలు పట్టుకున్నాకే నాకు చీకటి పడుతోంది. అంటే గాజూ బాగానే ఉంది, కేబులూ బాగానే ఉంది. బుధవారం రాత్రి వచ్చిన అప్‌డేట్లలో గ్రాఫిక్స్ డ్రైవర్ కూడా ఉండి ఉంటుందని వాడి అంచనా.

తర్వాత వాడు ఒక్కొక్కటే చేయించాడు. క్యాప్స్ లాక్ నొక్కమన్నాడు, దాని లైటు వెలిగింది, మళ్లీ నొక్కితే ఆరింది. మెషీన్ వేలాడిపోలేదు, లోపల పని చేస్తూనే ఉంది. గదిలో దీపాలు ఆర్పి, ఫోన్ టార్చ్ వేసి స్క్రీన్‌ను పక్క నుంచి వాలుగా చూడమన్నాడు. చూశాను. నా లాగిన్ పేజీ! నీళ్లడుగున రాయి కనిపించినట్టు, మసకగా, గడియారం అంకెలు, వాటి వెనక ఎప్పటి కొండల ఫొటో. ఒళ్లు జలదరించింది. స్క్రీన్ మీద బొమ్మ ఉంది, దాని వెనక వెలగాల్సిన బ్యాక్‌లైట్ మాత్రం లేదు. ఆ లైటును ఎంత వెలిగించాలో చెప్పేది కూడా గ్రాఫిక్స్ డ్రైవరేనట. (ఈ టార్చ్ పరీక్ష ఎల్‌సీడీ ప్యానెళ్లకే. ఓఎల్‌ఈడీ అయితే వెనక లైటే ఉండదు, కాబట్టి ఏమీ కనిపించదు.)

"ఇప్పుడు విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్ మూడూ పట్టుకుని బీ నొక్కు." నొక్కాను. చిన్న బీప్ వినిపించింది, స్క్రీన్ భళ్లున వెలిగి ఒక్క క్షణంలో ఆరిపోయింది. అది డ్రైవర్‌ను ఉన్నచోటే మళ్లీ మొదలుపెట్టే షార్ట్‌కట్. కొందరికి దీంతోనే సరిపోతుందట. నాకు సరిపోలేదు. కానీ ఆ ఒక్క క్షణం వెలుగుతో ప్యానెల్ మార్పించే ఆలోచన పూర్తిగా పోయింది.

టీవీకి హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టి చూడమన్నాడు. మొదట "నో సిగ్నల్". పిన్ గుడ్డిగానే టైప్ చేసి లాగిన్ అయ్యాను. విండోస్ కీ పట్టుకుని పీ నొక్కితే ఏ స్క్రీన్ మీద చూపించాలో అడిగే పట్టీ వస్తుంది. అది నాకు కనిపించదు కాబట్టి పీ ఒకసారి, ఎంటర్. రాలేదు. పీ రెండుసార్లు, ఎంటర్. టీవీ మీద నా డెస్క్‌టాప్ ప్రత్యక్షమైంది, నేను పేర్లు పెట్టకుండా వదిలేసిన "కొత్త ఫోల్డర్ 7" తో సహా. ఆ ఫోల్డర్‌ను చూసి అంత సంతోషించడం అదే మొదటిసారి.

ఇక్కడ నేను చేసిన ఒకే ఒక్క మంచి పని ఏమిటంటే, వెంటనే రిపేరు జోలికి పోకుండా ముందు శుక్రవారం ఫైలు పూర్తి చేయడం. టీవీ ముందు నేల మీద కూర్చుని, ఒళ్లో ల్యాప్‌టాప్, మెడ పైకెత్తి, గురువారం రాత్రీ శుక్రవారం పగలూ పని చేశాను. టీవీ మీద అక్షరాలు అంచులు దాటి పోతున్నాయి, మెడ పట్టేసింది. సాయంత్రం ఐదింటికి ఫైలు పంపించేశాను. ఆ ఫైలుతో పాటే మిగతావన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఉండాల్సింది. ఎక్కించలేదు. ఆ తప్పు మరునాడు బాగా ఏడిపించింది.

శుక్రవారం రాత్రి ఎనిమిదింటికి రిపేరు మొదలుపెట్టాను. తమ్ముడు నైట్ షిఫ్టులో ఉన్నాడు, నేనే చేసుకోగలననుకున్నాను. ల్యాప్‌టాప్‌లోని భాగాలనూ వాటి డ్రైవర్లనూ చూపించే డివైస్ మేనేజర్ తెరిచి "డిస్‌ప్లే అడాప్టర్స్" అన్నచోట చూస్తే ఒకటి కాదు, రెండు పేర్లున్నాయి. నా ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్‌తో కలిసి వచ్చిన గ్రాఫిక్స్ ఒకటి, విడిగా ఇంకో చిప్ ఒకటి. ఇలాంటి వాటిలో లోపలి స్క్రీన్ ఎక్కువగా మొదటిదానికే కలిపి ఉంటుంది. అది తెలియక నేను అరగంట రెండోదాన్ని కెలికాను, పేరు పెద్దగా ఉంది కాబట్టి అదే అసలైనదనుకుని.

తర్వాత మొదటిదాని ప్రాపర్టీస్‌లోకి వెళ్లాను. డ్రైవర్ తేదీ కొత్తగా ఉంది. దాని కింద "రోల్ బ్యాక్ డ్రైవర్" బటన్, అంటే పాత డ్రైవర్‌కు వెనక్కి వెళ్లే బటన్. అది బూడిద రంగులో ఉంది, నొక్కుడు పడదు. వెనక్కి వెళ్లడానికి పాత డ్రైవర్ ఉండాలి కదా, అది లేదు. గురువారం రాత్రి పని మధ్యలో డిస్క్ నిండిపోయిందని డిస్క్ క్లీనప్ తెరిచి, ఉన్న గళ్లన్నిటికీ టిక్ పెట్టి శుభ్రం చేశాను. ఆ గళ్లలో "డివైస్ డ్రైవర్ ప్యాకేజెస్" అన్నది కూడా ఒకటి. పాత డ్రైవర్లు తుడుచుకుపోయేది దానివల్లేనని, నా పాతదీ అలాగే పోయి ఉంటుందని తర్వాత తమ్ముడు చెప్పాడు. ఇల్లు ఊడ్చి తాళం చెవి కూడా చెత్తలో పారేసినట్టు.

సరే, అన్‌ఇన్‌స్టాల్ చేద్దామనుకున్నాను. చేశాను. టీవీ ఒకసారి మినుక్కుమంది, ల్యాప్‌టాప్ స్క్రీన్ వెలిగింది! అక్షరాలు పెద్దగా, రంగులు వెలిసిపోయినట్టు ఉన్నా, వెలిగింది. ఒక్కదాన్నే గదిలో చప్పట్లు కొట్టుకున్నాను. రీస్టార్ట్ చేశాను. మళ్లీ చీకటి. ఎందుకంటే అన్‌ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డ్రైవర్ ఫైళ్లను కూడా తీసెయ్యాలా అని అడిగే చిన్న గడి ఒకటుంటుంది. అక్కడ టిక్ పెట్టకపోతే అదే డ్రైవర్ కాపీ సిస్టమ్‌లో దాగి ఉంటుంది, రీస్టార్ట్‌లో మళ్లీ అదే వచ్చి కూర్చుంటుంది. నేను పెట్టలేదు.

అప్పుడు మొండితనం వచ్చింది. గ్రాఫిక్స్ చిప్ కంపెనీ సైటుకే వెళ్లి అన్నిటికన్నా కొత్త డ్రైవర్ దించి ఇన్‌స్టాల్ నొక్కాను. కొత్తదాంట్లో బాగు చేసి ఉంటారు కదా అన్న ఆశ. డెబ్బై శాతం దాకా వచ్చి టీవీ కూడా నల్లబడింది. గంట చూశాను. బలవంతంగా ఆపి ఆన్ చేస్తే లోగో, చుక్కలు, చీకటి, ఈసారి రెండు చోట్లా. టార్చ్ వేసి చూస్తే ఏమీ లేదు. రాత్రి పన్నెండున్నర. అప్పటిదాకా నాకున్న ఒక్క కిటికీని నేనే మూసేసుకున్నాను. తమ్ముడికి మెసేజ్ పెట్టాను. "పొద్దున చూద్దాం, ఇంకేమీ ముట్టుకోకు" అని జవాబు. నన్ను తిట్టనందుకే ఏడుపొచ్చింది.

శనివారం, మార్చి 15. పదింటికి వాడు వీడియో కాల్ చేశాడు. ఇప్పుడు చేయాల్సింది రికవరీ స్క్రీన్‌కు వెళ్లడం. విండోస్ బూట్ అవుతుండగా, అంటే మొదలవుతుండగా, మధ్యలో రెండు మూడుసార్లు ఆగిపోతే, ఏదో తేడా ఉందని తనే రిపేరు మెనూ చూపిస్తుంది. బుధవారం ఐదుసార్లు ఆపాను కదా, మరి అప్పుడెందుకు రాలేదంటే, అప్పుడు నేను ఆపింది చీకటి పడ్డాక. అప్పటికి బూట్ పూర్తయిపోయింది, దాని లెక్కలో అంతా సవ్యంగానే ఉంది. చుక్కలు తిరుగుతుండగానే పవర్ బటన్ పది సెకన్లు నొక్కిపట్టి ఆపాలి. మనసొప్పలేదు. నడుస్తున్న మనిషి కాళ్లకు అడ్డం పడుతున్నట్టు అనిపించింది. రెండుసార్లు అలా చేసి, మూడోసారి వదిలేశాను. "ఆటోమేటిక్ రిపేర్‌కు సిద్ధమవుతోంది" అన్న అర్థంలో ఏదో వచ్చి, ఆ తర్వాత నిండు నీలం స్క్రీన్ వచ్చింది. మూడు రోజులుగా చీకటి చూసిన కళ్లకు ఆ నీలం ఎంత బాగుందో చెప్పలేను. పాడైన డ్రైవర్ అక్కడ లోడవ్వదు కాబట్టే అది కనిపించింది.

టచ్‌ప్యాడ్ అక్కడ పని చేయలేదు. ట్యాబ్, బాణం కీలు, ఎంటర్‌తోనే నడిపించాను. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్. ఇంతవరకు పది నిమిషాలు. అప్పుడు వచ్చింది అసలు దెబ్బ: బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కు వేసే తాళం) రికవరీ కీ అడిగింది. 48 అంకెలు.

నా డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉందన్న సంగతే నాకు తెలియదు. చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో అకౌంట్‌తో మొదటిసారి సెటప్ చేసినప్పుడే అది దానంతటదే ఆన్ అయిపోతుంది. కీ ఆ అకౌంట్‌లో దాచి ఉంటుంది. మంచిదే, ల్యాప్‌టాప్ దొంగ చేతిలో పడితే ఫైళ్లు చదవలేడు. ఆ క్షణంలో మాత్రం దొంగను నేనే. ఫోన్లో నా మెయిల్‌తో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్లి చూశాను. కీలు ఏవీ లేవు. చేతులు చల్లబడ్డాయి. జనవరి తర్వాత చేసిన పనంతా, అమ్మ పాత ఫొటోలు స్కాన్ చేసి పెట్టినవి, అన్నీ ఆ డిస్క్ మీదే. శుక్రవారం సాయంత్రం టీవీ వెలుగుతున్నప్పుడు పది నిమిషాలు కూర్చుని కాపీ చేసుకోనందుకు నన్ను నేను తిట్టుకోని మాట లేదు.

తమ్ముడు నెమ్మదిగా అడిగాడు: "కొన్నరోజు సెటప్ ఏ మెయిల్‌తో చేశావు?" గుర్తొచ్చింది. కాలేజీ రోజుల నాటి మెయిల్, ఇప్పుడు తెరవను కూడా తెరవను. పాత డైరీలు వెతికితే రెండు గంటలకు పాస్‌వర్డ్ దొరికింది. టైప్ చేస్తే, ఫలానా అంకెలతో ముగిసే నంబరుకు ఓటీపీ పంపాం అంది. ఆ నంబరు ఇప్పుడు నాన్న వాడుతున్నారు.

"నాన్నా, మీ ఫోన్‌కు ఇప్పుడొక మెసేజ్ వచ్చింది చూడండి. అందులో అంకెలు చదవండి."

"ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకువాళ్లు రోజూ మెసేజ్ పెడుతున్నారు కదమ్మా."

"నేనే కదా నాన్నా అడుగుతున్నది."

"గొంతులు కూడా మార్చి మాట్లాడుతున్నారట. నేను రోజూ ఎన్ని మాత్రలు వేసుకుంటానో చెప్పు."

"పొద్దున రెండు, రాత్రి ఒకటి. రాత్రిది ఎగ్గొడుతున్నారని అమ్మ చెప్పింది."

ఒప్పుకున్నారు. ఈలోపు ఓటీపీ గడువు దాటిపోయింది, ఇంకోటి పంపించమన్నాను. ఈసారి చదివారు. లోపల కీ ఉంది. స్క్రీన్ మీద చూపించిన కీ ఐడీ మొదటి ఎనిమిది అక్షరాలు, అకౌంట్‌లో ఉన్నవాటితో సరిపోల్చుకోవాలి. సరిపోయాయి. ఆరేసి అంకెల గుంపులు ఎనిమిది, ఒక్కొక్కటీ పైకి చదువుకుంటూ కొట్టాను. లోపలికి వెళ్లనిచ్చింది. ఆ కీని వెంటనే కాగితం మీద రాసి పుస్తకాల బీరువాలో పెట్టాను. ఆ కాగితం ఇప్పటికీ అక్కడే ఉంది.

తర్వాత వచ్చిన జాబితాలో 4 నొక్కితే సేఫ్ మోడ్, అంటే తప్పనిసరివి మాత్రమే లోడ్ చేసుకుని విండోస్ నడిచే పద్ధతి. లాగిన్ పేజీ దగ్గర ఇంకో చిక్కు: రోజూ వాడే పిన్ తీసుకోలేదు, అకౌంట్ పాస్‌వర్డే కావాలంది. డైరీలో అప్పుడే దొరికిన పాస్‌వర్డ్ అదృష్టవశాత్తూ అదే. డెస్క్‌టాప్ వచ్చింది, నలుమూలలా "సేఫ్ మోడ్" అని రాసి. బొమ్మలు పెద్దవి, బ్రైట్‌నెస్ తగ్గించడానికి వీల్లేదు, వైఫై లేదు. ఏదీ లేకపోయినా నా ఫైళ్లున్నాయి. మొదట పెన్‌డ్రైవ్ పెట్టి కాపీ మొదలుపెట్టాను. గంటా ఇరవై నిమిషాలు పట్టింది. ఆ గంటా ఇరవై నిమిషాలు తమ్ముడు ఎన్నిసార్లు తొందరపెట్టినా నేను కదల్లేదు.

ఇప్పుడు డ్రైవర్ సంగతి. డివైస్ మేనేజర్‌లో తీసేస్తే మళ్లీ ముక్కలు మిగులుతాయని తమ్ముడు డీడీయూ వాడదామన్నాడు. డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అని, గ్రాఫిక్స్ డ్రైవర్లను వేళ్లతో సహా పీకేసే చిన్న ఉచిత ప్రోగ్రాం. సేఫ్ మోడ్‌లోనే వాడాలి, ఇంటర్నెట్ లేకుండా వాడాలి. లేకపోతే పాతది తీసేసిన వెంటనే ఆటోమేటిక్ అప్‌డేట్ వచ్చి అదే డ్రైవర్‌ను మళ్లీ దించేస్తుంది. ఇంటర్నెట్ లేకుండా వాడాల్సిన దాన్ని ఇంటర్నెట్ నుంచి ఎలా దించాలి? ఫోన్లో దించి, పెన్‌డ్రైవ్‌తో ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాను. దాంతోపాటే ల్యాప్‌టాప్ కంపెనీ సైట్లో నా మోడల్ సీరియల్ నంబరు కొట్టి, వాళ్లు ఇచ్చిన గ్రాఫిక్స్ డ్రైవర్ కూడా దించాను. సీరియల్ నంబరు ల్యాప్‌టాప్ అడుగున ఎంత చిన్నగా ఉందంటే, ఫొటో తీసి పెద్దది చేసుకుని చదవాల్సొచ్చింది.

ఆ డ్రైవర్ రెండేళ్ల కిందటిది. అంత పాతది ఎందుకని అడిగాను. వాడు చెప్పింది నాకు బాగా నచ్చింది. చిప్ కంపెనీ ఇచ్చేది అందరికీ సరిపోయేలా కుట్టిన చొక్కా, ల్యాప్‌టాప్ కంపెనీ ఇచ్చేది నా కొలతలకు కుట్టింది. నా ప్యానెల్ బ్యాక్‌లైట్‌ను ఎలా వెలిగించాలో రెండోదానికి తెలుసు. చాలా ల్యాప్‌టాప్‌లకు అందరి చొక్కా కూడా బాగానే పడుతుందట, నాది మాత్రం పడని రకం.

డీడీయూలో చిప్ కంపెనీ పేరు ఎంచుకుని, "క్లీన్ అండ్ రీస్టార్ట్" నొక్కాను. మూడు నిమిషాలు. రీస్టార్ట్‌లో చుక్కలు తిరుగుతున్నప్పుడు నేను స్క్రీన్ వైపు చూడలేదు, ఫోన్లో తమ్ముడి మొహం చూస్తూ కూర్చున్నాను. "వచ్చిందా?" అన్నాడు. వచ్చింది. అప్పుడు పెన్‌డ్రైవ్‌లోని డ్రైవర్ నడిపించాను. మధ్యలో స్క్రీన్ నాలుగు సెకన్లు నల్లబడింది. ఇన్‌స్టాల్‌లో అది మామూలేనని ముందే చెప్పి ఉంటే నా ప్రాణం అంతగా పోయేది కాదు. వెలుగొచ్చింది, అక్షరాలు సన్నబడ్డాయి, బ్రైట్‌నెస్ కీ నొక్కితే తగ్గింది, ఇంకోటి నొక్కితే పెరిగింది. పది సార్లు తగ్గించి పెంచాను. అప్పుడు టైం చూస్తే రాత్రి ఒంటిగంట ఇరవై. కస్టమర్ కేర్ ఆయనకు ఫోన్ చేసి చెప్పాలన్న కోరిక పుట్టింది కానీ మళ్లీ ముప్పై అయిదు నిమిషాల సంగీతం వినే శక్తి లేదు.

కథ ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. మార్చి 19, బుధవారం మధ్యాహ్నం, మూత తెరిస్తే చీకటి.

ఈసారి టెన్షన్ పడలేదంటే అబద్ధం. కానీ చేతులు వణకలేదు. టార్చ్ వేశాను, లాగిన్ పేజీ మసకగా ఉంది. పాత రోగమే. టీవీ కేబుల్ పెట్టాను, విండోస్ కీ, పీ, పీ, ఎంటర్. డివైస్ మేనేజర్‌లో డ్రైవర్ తేదీ మళ్లీ కొత్తది. రిలయబిలిటీ మానిటర్ అని ఒకటుంది, స్టార్ట్‌లో ఆ పేరు టైప్ చేస్తే వస్తుంది. అందులో రోజువారీగా ఏమేం ఇన్‌స్టాల్ అయిందో ఉంటుంది. ఆ రోజు పొద్దున డిస్‌ప్లే డ్రైవర్ దానంతటదే వచ్చి కూర్చుందని స్పష్టంగా ఉంది. నేను తలుపు బాగుచేయించానే కానీ గడియ వేయలేదు.

అయితే ఒక మంచి జరిగింది. నేను పెట్టిన డ్రైవర్ ఈసారి "పాతది"గా మిగిలి ఉంది, కాబట్టి "రోల్ బ్యాక్ డ్రైవర్" బటన్ బూడిద రంగులో లేదు. నొక్కాను. ఎందుకు వెనక్కి వెళ్తున్నారని ఐదారు కారణాల జాబితా ఇచ్చింది. నా కోపానికి సరిపోయే కారణం అందులో లేదు, ఏదో ఒకటి ఎంచుకున్నాను. నాలుగు నిమిషాల్లో ల్యాప్‌టాప్ వెలిగింది. మొదటిసారి మూడు రోజులు, రెండోసారి కేబుల్ వెతుక్కోవడంతో కలిపి పదిహేను నిమిషాలు.

తర్వాత గడియ వేశాను. అప్‌డేట్లను అక్కడున్నన్ని వారాలకూ పాజ్‌లో పెట్టాను. కంట్రోల్ ప్యానెల్‌లో "డివైస్ ఇన్‌స్టలేషన్ సెట్టింగ్స్" అన్నచోట "నో" ఎంచుకున్నాను. విండోస్ ప్రో ఎడిషన్ ఉన్నవాళ్లకు గ్రూప్ పాలసీ అనే సెట్టింగ్స్‌లో డ్రైవర్లను అప్‌డేట్లతో కలపొద్దని చెప్పే వీలుంది, నాది హోమ్ ఎడిషన్ కాబట్టి అది లేదు. పాజ్ అంటే భద్రతకు సంబంధించిన అప్‌డేట్లు కూడా ఆగిపోతాయి, అది నాకు ఇష్టం లేదు. అందుకే ఫోన్ క్యాలెండర్‌లో తేదీ పెట్టుకుని, వారానికోసారి ల్యాప్‌టాప్ కంపెనీ సైటు చూస్తూ వచ్చాను.

ఏప్రిల్ రెండో వారంలో నా మోడల్‌కు వాళ్లే కొత్త డ్రైవర్ పెట్టారు. ముందు అన్నీ బ్యాకప్ తీసి, రికవరీ కీ కాగితం పక్కన పెట్టుకుని, టీవీకి కేబుల్ తగిలించి అప్పుడు ఇన్‌స్టాల్ చేశాను. నాలుగు సెకన్ల చీకటి. వెలుగు. పాజ్ తీసేశాను, మిగతా అప్‌డేట్లన్నీ వచ్చాయి, రెండుసార్లు రీస్టార్ట్ అయింది, ఇప్పటిదాకా బాగానే ఉంది.

లెక్క చూస్తే డబ్బు ఏమీ ఖర్చవలేదు. కొన్నదల్లా ఒక పెద్ద పెన్‌డ్రైవ్, అది ఎలాగూ కొనాల్సిందే. ఆ పాత మెయిల్ అకౌంట్‌లో ఫోన్ నంబరు మాత్రం ఇంకా మార్చలేదు. మొన్న దాంట్లోకి వెళ్లబోతే, నేను చేసేలోపే నాన్న దగ్గర్నుంచి ఫోన్: "అమ్మా, మళ్లీ ఓటీపీ వచ్చింది. స్క్రీన్ పోయిందా?"